ముందు నువ్వు విని చెప్పు

ఆసుపత్రి కింది అంతస్తు, కంప్యూటర్ల గది
మార్చి మొదటి వారం

వదినా,

నువ్వు నన్ను "ప్రియమైన మిత్రమా" అని పిలవడం ఎప్పటినుంచి మొదలుపెట్టావు? పెళ్ళై మా ఇంటికి వచ్చిన నాటినుంచీ "ఓసేయ్ మిరపకాయ్" తప్ప ఇంకో పిలుపు నీ నోట విన్న పాపాన పోలేదు నేను. ఇవాళ పొద్దున్న ఫోను తీస్తే నీ పేరుతో ఒక మెసేజ్. పక్కన నీ ఫోటో, అదే, గోడ గడియారాన్ని పసిపిల్లలా ఎత్తుకుని నవ్వుతుంటావే, అది. "ప్రియమైన మిత్రమా, ఈ గడియారం చప్పుడులో లోపం ఎక్కడుందో ముందు నువ్వు విని చెప్పు. నీ చెవి మీదే నాకు నమ్మకం." కింద ఒక లింకు.

నా చెవి మీద నీకు నమ్మకమా! పక్కన ఫోను మోగుతున్నా నాకు వినపడదని ఊరంతా చాటింది నువ్వే కదా. టీ కప్పు పక్కన పెట్టి మరీ నవ్వాను. నవ్వడం అయ్యాక భయం వేసింది. నీ ఎకౌంటు ఎవడి చేతిలోనో పడింది వదినా.

నీకు ఫోను చేస్తే ఎత్తవు. అన్నయ్యకి చేస్తే, "మీ వదిన నిన్నట్నుంచి దుప్పటి ముసుగు తియ్యలేదు, గడియారాలకి కీ కూడా ఇవ్వలేదు, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, నాకే ఏదోలా ఉంది" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం. ఇకనుంచి అన్నీ సర్దుకునే దాకా నీ దస్తూరీలో వస్తేనే నమ్ముతాను. నీ కోడిగీతలు కాపీ కొట్టడం ఏ దొంగ వల్లా కాదు.

నా ఉద్యోగం నీకు తెలిసిందే. ఈ ఆసుపత్రిలో ఏ డాక్టరు, ఏ నర్సు పిచ్చి లింకు నొక్కినా చివరికి ఫోను మోగేది నా బల్ల మీదే. కాబట్టి చెప్పినట్టు విను. లేచి ముందు ఈమెయిలు పాస్‌వర్డు మార్చు, మిగతా తాళాలన్నీ దాంతోనే తెరుచుకుంటాయి. అన్నయ్య ఫోనులోంచి మార్చు, నీ ఫోను ముట్టుకోకు. బ్యాంకుకి ఒక మాట చెప్పు. తర్వాత మీ గడియారాల గ్రూపులో ఒక్కొక్కళ్ళకీ ఫోను చేసి "నా పేరుతో ఏ లింకొచ్చినా నొక్కకండి" అని చెప్పు. సిగ్గుగా ఉంటుంది. ఉండనీ. నువ్వు సిగ్గుపడుతూ కూర్చున్నంతసేపూ వాడు పని చేసుకుంటూ పోతాడు.

ఒక్క విషయం మాత్రం నాకు తప్పకుండా రాయి. నీకు ఆ లింకు ఎవరు పంపారు? దొంగ ఏ తలుపులోంచి వచ్చాడో తెలియకపోతే మిగతావి ఎన్ని మూసినా లాభం లేదు.

నీ మిరపకాయ


కొట్లో, కిటికీ పక్క కుట్టు మిషను దగ్గర
మార్చి మూడో వారం

ఓసేయ్ మిరపకాయ్,

తిట్టడానికి కూడా కాగితం ఖర్చు పెట్టావు చూడు, అందుకే నువ్వంటే నాకు ఇష్టం. దుప్పటి తీశాను. నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఈమెయిలు దక్కింది. ఆ ఎకౌంటు మాత్రం ఇంకా వాడి దగ్గరే ఉంది. అందులో నా రికార్డింగులన్నీ ఉన్నాయి, ఏళ్ళ తరబడి దాచుకున్న గడియారాల చప్పుళ్ళు. పోతే పోనీ అని నోటితో అంటున్నాను గానీ లోపల ఏడుపొస్తోంది.

మా గ్రూపు సంగతి ఎప్పుడు చెప్పబోయినా ఆవలిస్తావు. ఉత్తరంలో ఆవలించినా నాకు కనపడదు కాబట్టి ఇప్పుడు చెప్తాను. మేమంతా పాత గోడ గడియారాలు బాగుచేసుకునే పిచ్చివాళ్ళం. మీ అన్నయ్య "చెవుల సంఘం" అని వెక్కిరిస్తాడు, నిజానికి అదే సరైన పేరు. ఎవరి గడియారం పేచీ పెడితే వాళ్ళు దాని చప్పుడు ఫోనులో రికార్డు చేసి గ్రూపులో పెడతారు. సార్ విని చెప్తారు. సార్ చెప్పేదాకా ఇంకెవరూ ఒక్క ముక్క రాయకూడదు, అది మా పద్ధతి. సార్ అంటే ఉద్యోగం చేసినన్నాళ్ళూ రైలు స్టేషన్ల గడియారాలు చూసుకున్న మనిషి. ఆయన చెవి ఏం చెవో! మా గ్రూపులో ఒక బస్సు డ్రైవరు గారున్నారు. ఆయన గడియారం రోజూ ఆగిపోతుంటే మూడుసార్లు విప్పి బిగించాడు, లాభం లేదు. సార్ ఆ చప్పుడు విని, "గడియారానికి ఏ రోగమూ లేదు, మీ గోడే వంకరగా ఉంది" అని రాశారు. డ్రైవరు గారు దారానికి రాయి కట్టి వేలాడదీసి చూస్తే గోడ నిజంగానే ముందుకి ఒరిగి ఉంది! ఎక్కడో ఉన్న గోడ వంకర ఇక్కడ కూర్చుని విన్న మనిషి ఆయన.

ఇక నా ఘనకార్యం. లింకు నొక్కితే ఒక పేజీ వచ్చింది, వినాలంటే మళ్ళీ పాస్‌వర్డు కొట్టమంది. కొట్టాను. ఫోనుకి ఒక నంబరు వచ్చింది, అదీ అడిగింది, అదీ ఇచ్చాను. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. గడియారం లేదు, చప్పుడు లేదు.

గ్రూపులో అందరికీ ఫోన్లు చేశాను. పళ్ళ డాక్టరు గారైతే "బుద్ధున్న మనిషెవరైనా అలా నొక్కుతారా?" అని నన్ను నిలువునా కడిగేశాడు. అన్నిటికన్నా బాధ బేకరీ ఆవిడ సంగతి. ఆవిడ కొట్టు పేజీ కూడా పోయింది. రోజూ కేకుల ఆర్డర్లన్నీ అందులోంచే వస్తాయి. నేను క్షమించమంటే "పర్వాలేదులెండి" అని ఫోను పెట్టేసింది. తిట్టినా బాగుండేది. నా పేరుతో వచ్చిన లింకే నొక్కి ఉంటుంది పాపం.

నాకు ఎవరు పంపారంటావా? ఎవరో తెలియని మనిషి. పేరు గుర్తులేదు.

నీ వదిన


ఆసుపత్రి కింది అంతస్తు, ఫ్యాను తిరగని గది
మార్చి చివర

వదినా,

ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాను, తర్వాత తిడతాను.

అందరికీ ఫోన్లు చేశావు. అది ఎంత పెద్ద పనో నీకు తెలియదు. నా దగ్గరకి వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది "నేనేం నొక్కలేదు, అదే అయింది" అంటారు. చదువుకున్నవాళ్ళు, పెద్దపెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు. కంప్యూటరు తనంతట తానే నొక్కుకుందంటారు. నువ్వు ఒక్కొక్క ఇంటికీ ఫోను చేసి "నేను నొక్కాను" అన్నావు. మొన్న ఒక వార్డు వాళ్ళని కూర్చోబెట్టి నీ కథ చెప్పాను. పేరు చెప్పలేదులే, "మా వదిన" అన్నాను. అది అయ్యాక ఇద్దరు నర్సులు నా గదికి వచ్చి "మేమూ నొక్కామండీ" అన్నారు. వాళ్ళ ఎకౌంట్లు ఆ పూటే కాపాడాను. ఆ పుణ్యం నీదే.

ఇక తిట్లు. తెలియని మనిషి పంపాడా? ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నావు? కొత్తవాడెవడైనా తలుపు కొడితే కిటికీలోంచి చూసి, పేరు అడిగి, వాడి ఇంటివాళ్ళ పేర్లు అడిగి, అప్పుడు కూడా గొలుసు తియ్యని మనిషివి నువ్వు. తెలియనివాడి మాటకి పాస్‌వర్డు కొట్టి, నంబరు ఇచ్చి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటావా? అది నీకు తెలిసిన మనిషే. నీకు బాగా కావలసిన మనిషే.

ఈ దొంగలు ఎలా పనిచేస్తారో చెప్తాను విను. ఎవరిదో ఎకౌంటు చిక్కగానే అందరి మీదా పడరు. లోపల కూర్చుని పాత మెసేజ్‌లన్నీ చదువుతారు. ఆ మనిషి ఎలా మాట్లాడతాడు, ఎవరు ఆయన మాటకి కరిగిపోతారు, ఎవరికి ఏం కావాలి, అన్నీ చూసుకుని అప్పుడు రాస్తారు. నాకు "ప్రియమైన మిత్రమా" అని రాశాడంటే మన ఇంటి సంగతులు చదవడానికి వాడికి టైము చాల్లేదు. నీకు రాసినవాడు మాత్రం బాగా చదువుకుని రాశాడు.

నువ్వు ఎవరిని దాస్తున్నావో వాళ్ళ ఎకౌంటు ఇంకా వాడి చేతిలోనే ఉంది వదినా. ఇవాళ కూడా ఆ పేరుతో ఎవరికో రాస్తూ ఉంటాడు. ఆలోచించుకో.

నీ మిరపకాయ


ఇంట్లో, వంటగది బల్ల దగ్గర
ఏప్రిల్ మధ్యలో

మిరపకాయ్,

నీ కళ్ళు కప్పేవాళ్ళు ఇంకా పుట్టలేదే తల్లీ. చెప్తాను, కానీ మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు, నీ కడుపులోనే ఉండాలి.

సార్ పంపారు. అంటే సార్ పేరుతో వచ్చింది. "గ్రూపులో పెట్టకముందే నీకు పంపుతున్నాను. ఇది నాకు అంతుచిక్కడం లేదు. ముందు నువ్వు విని చెప్పు. నీ చెవి మీదే నాకు నమ్మకం. ఎవరికీ చెప్పకు."

ఇన్నేళ్ళుగా ఆ గ్రూపులో ఉన్నాను. ఎన్ని చప్పుళ్ళు విన్నానో. ప్రతిసారీ సార్ చెప్పకముందే మనసులో నా సమాధానం అనుకునేదాన్ని. సగానికి పైగా సరిపోయేవి. ఒక్కసారి కూడా సార్ "నువ్వేమంటావమ్మా" అని అడగలేదు, ఎవరినీ అడగరు. అలాంటిది ఆ మెసేజ్ చూసేసరికి ఉబ్బితబ్బిబ్బైపోయాను. మిషను ఆపేశాను. చేతులు కడుక్కున్నాను. గడియారం వినడానికి చేతులు కడుక్కోవడమేంటో చూడు! వాడు నన్ను మునగచెట్టు ఎక్కించాడు, నేను చివరి కొమ్మ దాకా ఎక్కాను. ఎకౌంటు పోయినందుకు ఏడ్చానని మీ అన్నయ్య అనుకుంటున్నాడు. కాదు. సార్ నన్ను అడగలేదని తెలిసి ఏడ్చాను.

ఎందుకు దాచానంటే, సార్‌కి ఆ గ్రూపు తప్ప ఇంకేమీ లేదు. ఆయన, ఆయన అక్కగారు ఇద్దరే ఉంటారు. ఉద్యోగం అయిపోయాక మనిషి మంచం పట్టినట్టు అయిపోతే, ఈ గ్రూపు పెట్టాకే మళ్ళీ లేచి తిరిగారట. అక్కగారే చెప్పింది ఒకసారి. ఆయన పట్టుదల కూడా తక్కువది కాదు. ఆమధ్య ఒకాయన పాత గడియారంలో కొత్త బ్యాటరీ మిషను పెట్టి "నేనే బాగుచేశాను" అని చప్పుడు పెట్టాడు. సార్ రెండు సెకన్లు విని, "అబద్ధం చెప్పినవాడికి ఇక్కడ చోటు లేదు" అని తీసేశారు. ఎంతమంది బతిమాలినా వినలేదు.

పళ్ళ డాక్టరు సార్‌కి కూడా ఫోను చేసి "ముందు ఎవరు నొక్కారో బయటికి రావాలి" అన్నాడట. ఆయన మాట మార్చి ఫోను పెట్టేశారట. నేను ఆయన పేరు బయటపెడితే ఆయన తనని తానే తీసేసుకుంటారు. ఆయన వెళ్ళిపోతే గ్రూపు ఉండదు, గ్రూపు లేకపోతే ఆయన ఉండరు. నా పేరు పాడైతే ఏమైంది, మహా అయితే పళ్ళ డాక్టరు ఇంకోసారి తిడతాడు.

చెప్పేశాను. ఇప్పుడు నువ్వు తిట్టు.

వదిన


ఆసుపత్రి మెట్ల మీద, ఎండలో
ఏప్రిల్ చివర

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చేతులు కడుక్కున్నావన్న చోట ఆగిపోయాను. వాడు నా ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. ఎకౌంట్లు దొంగిలిస్తే దొంగిలించాడు, మనిషి ఇన్నేళ్ళు లోపల దాచుకున్న ఆశని ఎరగా వేస్తాడా వెధవ.

నీలాంటి మనిషి నాకు వదినగా దొరకడం నా అదృష్టం. అది అలా ఉంచు. ఇప్పుడు చెప్పేది కోపం తెచ్చుకోకుండా విను. నీ మంచితనం సార్‌ని కాపాడటం లేదు. దొంగని కాపాడుతోంది. నువ్వు నోరు మూసుకున్నన్ని రోజులూ సార్ పేరుతో వాడు హాయిగా రాసుకుంటున్నాడు. బేకరీ ఆవిడ పేజీ పోయింది. రేపు ఇంకెవరిదో పోతుంది. అదంతా తెలిసిన రోజున సార్ ఇంకా కుంగిపోతారు.

ఆయనకి మెసేజ్ పెట్టకు. ఫోను కూడా వద్దు. ఇంటికి వెళ్ళు.

పోయిన ఏడాది మా దగ్గర ఒక పెద్ద సర్జన్ ఇలాగే నొక్కి వారం రోజులు దాచాడు. ఆపరేషన్ గదిలో ఆయన దగ్గితే అందరూ నిలబడిపోతారు, అలాంటి మనిషి. నేను ఆయన గదికి వెళ్ళి తలుపేసి, ఎదురుగా కాకుండా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "ఎందుకు నొక్కారు" అని అడగలేదు. అలా అడిగితే మనిషి లాయరైపోతాడు. "తర్వాత ఏమైంది" అని అడిగాను. అంతే, గడగడా చెప్పేశాడు, చెప్తూ చెప్తూ కళ్ళు తుడుచుకున్నాడు. నీక్కూడా అదే చెప్తున్నా. పక్కన కూర్చో. తర్వాత ఏమైందని అడుగు.

ఎకౌంటు వెనక్కి తీసుకునే దారి వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పెడుతున్నాను, సార్ కళ్ళద్దాలు పెట్టుకోకుండా చదివేలా. నీది కూడా అలాగే వస్తుంది. బేకరీ ఆవిడ నంబరు పంపు, ఆవిడతో నేనే మాట్లాడి పేజీ సంగతి చూస్తాను.

నీ మిరపకాయ


కొట్లో, షట్టరు సగం దించి
మే రెండో వారం

మిరపకాయ్,

వెళ్ళాను.

సార్ ఇల్లు ఒక సైకిళ్ళ కొట్టు పైన. మెట్లు ఎక్కుతుంటేనే గడియారాలు వినపడతాయి, వాన పడుతున్నట్టు. తలుపు తీసింది అక్కగారు. "వచ్చావా, ఎవరో ఒకరు వస్తారని చూస్తున్నాను. వీడు అన్నం సరిగ్గా తినడం లేదు, ఫోను తువ్వాల్లో చుట్టి బీరువాలో పెట్టాడు, అడిగితే నామీద అరుస్తున్నాడు" అని అక్కడే గుమ్మంలోనే గుట్టంతా విప్పేసింది.

సార్ నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. ఆ మనిషి నాకోసం లేవడం ఎప్పుడూ చూడలేదు. మొహం పీక్కుపోయి ఉంది. నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. "తర్వాత ఏమైంది సార్?" అన్నాను. ముందు ఏమైందో నేను అడగనే లేదని ఆయనకి తట్టలేదు పాపం, మొత్తం చెప్పారు.

ఆయనకి ఎవరో కొత్త మనిషి రాశాడట, పాత గడియారాలు కొంటానని. ఆయన చూసుకున్న పెద్ద స్టేషను గడియారం ఉండేదట, రోజూ నిచ్చెన ఎక్కి కీ ఇచ్చేవారట. స్టేషను కొత్తగా కట్టినప్పుడు దాన్ని తుక్కుకి వేశారని విన్నారు. వీడు "ఆ గడియారం నా దగ్గర ఉంది, నడుస్తోంది, చప్పుడు వినండి, మీదేనా చెప్పండి" అని లింకు పెట్టాడు. "నొక్కకుండా ఎలా ఉంటానమ్మా" అన్నారు సార్. "చచ్చిపోయిందనుకున్న మనిషి గొంతు వినిపిస్తానంటే ఎవరైనా ఉంటారా?" నేనైనా నొక్కేదాన్ని. నువ్వైనా నొక్కేదానివి, ఒప్పుకో.

నా ఎకౌంటు వెనక్కి తెచ్చిన నీ కాగితమే ముందు పెట్టుకుని ఇద్దరం సాయంత్రం దాకా కుస్తీ పట్టాం. ఆయన వేళ్ళు గడియారంలో ఎంత చిన్న పిన్ను అయినా పట్టుకుంటాయి గానీ ఫోను మీద అక్షరాలు మాత్రం వెయ్యలేవు. చివరికి ఎకౌంటు దొరికింది, దొంగని బయటికి తోశాం. అక్కగారు చప్పట్లు కొట్టింది. తెరిచి చూస్తే ఆయన పేరుతో వాడు పంపినవన్నీ చెరిపేశాడు, ఎవరెవరికి పంపాడో తెలియలేదు.

సార్ మాత్రం సంతోషించలేదు. "గ్రూపుకి నా చెవి పనిచెయ్యడం లేదని చెప్పి మానేస్తాను. నువ్వు ఈ సంగతి ఎవరికీ చెప్పకు" అన్నారు. ఆ మనిషి, అబద్ధమంటే మండిపడే మనిషి, సిగ్గుతో అబద్ధం వెతుక్కుంటుంటే నా గుండె తరుక్కుపోయింది. బేకరీ ఆవిడ పేజీ సంగతి చెప్పాను. ఆయనకి తెలియదట. లేచి నన్ను మెట్ల దాకా దిగబెట్టారు.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? ఆయన చెప్పరు. నేను చెప్పనా?

వదిన


ఆసుపత్రి కింది అంతస్తు
మే చివర

వదినా,

వద్దు. చెప్పకు. ఆయన మాట ఆయనే చెప్పుకోవాలి, నువ్వు చెప్తే అది చాడీ అవుతుంది. నువ్వు చెయ్యాల్సింది చేశావు, దొంగ బయటికి పోయాడు, ఇక మిగిలింది ఆయన మనసు. దానికి నా దగ్గర కాగితం లేదు.

బేకరీ ఆవిడ పేజీ దొరికింది. నాలుగుసార్లు మాట్లాడాం. మంచి మనిషి. నీ పేరు ఎత్తినప్పుడల్లా ఏదో చెప్పబోయి ఆగిపోతోంది. కోపమైతే అలా ఉండదు. ఏంటో నువ్వే కనుక్కో.

సార్‌ని చూడాలని ఉంది నాకు. ఆ గొంతు వినిపిస్తానంటే నేనూ నొక్కేదాన్ని, ఒప్పుకున్నాను, చాలా?

మిరపకాయ


ఇంట్లో, గడియారాలన్నీ నడుస్తున్న గదిలో
జూన్ రెండో ఆదివారం

ఓసేయ్ మిరపకాయ్,

కూర్చుని చదువు.

సార్ అందరినీ రమ్మన్నారు. బేకరీ ఆవిడ కొట్టు వెనక గదిలో కలిశాం, సెలవురోజు కాబట్టి పొయ్యి ఆర్పి ఉంది, పిండి బస్తాల మీదా స్టూళ్ళ మీదా సర్దుకుని కూర్చున్నాం. సార్ తెల్లచొక్కా వేసుకుని, భుజాన సంచీతో వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మొదట నొక్కింది నేను" అన్నారు. "ఈమె కాదు. నా పేరుతో వచ్చింది కాబట్టే ఈమె నొక్కింది. నాకు అనుమానం వచ్చి కూడా నోరు మూసుకున్నాను, ఆ నిందంతా ఈమె మోసింది. అబద్ధం చెప్పినవాడికి ఇక్కడ చోటు లేదని అన్నది నేనే. చెప్పకుండా కూర్చోవడం కూడా అబద్ధమే. అందుకని వెళ్తున్నాను. చెవి పోయిందని చెప్దామనుకున్నాను. అది కూడా అబద్ధమే అవుతుందని చెప్పలేదు."

నేను భయపడ్డదే జరుగుతోంది, ఆయన తలుపు వైపు తిరిగారు కూడా. అప్పుడు బేకరీ ఆవిడ లేచి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఉండండి సార్. నేను నొక్కింది ఈవిడ పేరుతో వచ్చింది కాదు. మీ పేరుతో వచ్చింది. ఈవిడకన్నా ముందే. సార్ నన్నొక్కదాన్నే అడిగారు కదా అని ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఈవిడ ఫోను చేసి క్షమించమంటుంటే, నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు." నా వైపు చూసి ఏడ్చేసింది. నేనూ ఏడ్చేశాను, మామూలే.

బస్సు డ్రైవరు గారు చెయ్యెత్తాడు. "నాకూ వచ్చింది సార్. మీ చెవి మీదే నమ్మకం అని. బస్సు డిపోలో పెట్టేసి, అందరూ దిగాక, వెనక సీట్లో కూర్చుని నొక్కాను." ఆయన తర్వాత ఇంకొకళ్ళు, ఇంకొకళ్ళు. సగం గది చేతులెత్తి కూర్చుంది. ప్రతివాళ్ళకీ అదే మెసేజ్, ప్రతివాళ్ళూ తమనొక్కళ్ళనే అడిగారనుకుని మురిసిపోయి నొక్కినవాళ్ళే, తర్వాత సిగ్గుతో చచ్చి నోరు కుట్టేసుకున్నవాళ్ళే. చివరికి అందరం పళ్ళ డాక్టరు వైపు తిరిగాం. ఆయన మొహం కందగడ్డలా ఉంది.

"ఏంటలా చూస్తారు? నేను మాత్రం మనిషిని కానా?" అని అరిచాడు. "పేషెంటు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. ఒక్క నిమిషమని చెప్పి పక్క గదిలోకి వెళ్ళి నొక్కాను. చాలా?"

ఎంత నవ్వామో చెప్పలేను. పిండి బస్తా మీదనుంచి ఒకాయన జారి పడ్డాడు. మీ అన్నయ్య బయట స్కూటరు మీద కూర్చుని ఉన్నవాడు ఏమైందోనని పరిగెత్తుకొచ్చాడు.

సార్ ఒక్కరే నవ్వలేదు. "మీరంతా నేనే అడిగాననుకుని నొక్కారా?" అన్నారు మెల్లిగా. ఎవరో ఒకరు చెప్పాలి కదా, నేనే చెప్పాను. "ఇన్నేళ్ళూ ఒక్కసారైనా అడుగుతారేమోనని చూశాం సార్. అడిగారనుకున్నాం."

సంచీ కింద పెట్టారు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. "వాడు దొంగవెధవే" అన్నారు. "కానీ వాడు మీకు రాసిన ముక్క నేను రాయాల్సింది."

బేకరీ గోడ మీద గడియారం ఉంది, కాస్త వెనక నడుస్తూ ఉంటుంది. సార్ దానివైపు చెయ్యి చూపించి, "దీని సంగతేంటి? నేను ముందు చెప్పను" అన్నారు. సార్ కన్నా ముందు మాట్లాడటం మాకు అలవాటు లేదు కదా, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నాం. సార్ నా వైపు తిరిగారు. "ఏమ్మా?" అన్నారు.

కళ్ళు మూసుకుని విన్నాను. ఒక టిక్కుకీ ఇంకో టిక్కుకీ మధ్య ఎడం సమానంగా లేదనిపించింది. "లోలకం కడ్డీ ఎక్కడో వంగింది సార్" అన్నాను.

"తప్పు" అన్నారు వెంటనే, ఎప్పటిలాగే. నా మొహం మాడిపోయింది. అంతలో ఆయన తల పక్కకి వంచి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"ఉండు" అన్నారు. "ఇంకోసారి వింటాను."

నీ వదిన